జుట్టు పొడవు పోకుండా, తక్కువ ఖర్చులో ట్రిమ్: విశాఖ వాళ్ళకి మొదటి నుంచి చివరి దాకా

జుట్టు పెంచుకుంటున్నవాళ్ళు పార్లర్ గడప తొక్కడానికి వెనకాడేది డబ్బు ఒక్కదానికే కాదు. "కొసలు కొంచెం తీయండి" అని కూర్చుంటే నాలుగు అంగుళాలు నేల మీద కనిపిస్తాయి, లేచేసరికి అడగని హెయిర్ వాష్, బ్లో డ్రై బిల్లులో చేరి ఉంటాయి. ఆ టెన్షన్‌తో చాలామంది ఏడాది, ఏడాదిన్నర కత్తెర దగ్గరికే పోరు. ఈలోపు కొసలు చిట్లి, జడ చివర ఎలుక తోకలా సన్నబడి, ఆఖరికి ఎవరో ఒకరు "ఇది మొత్తం తీసేయాల్సిందే" అంటే ఒప్పుకోక తప్పదు.

నేను గట్టిగా నమ్మే మాట ఒకటి చెప్తాను. పొడవు పెంచుకునేవాళ్ళకి కావాల్సింది పార్లర్ రేట్ల బోర్డు మీద దాదాపు అన్నిటికంటే చవకైన కటింగ్. స్టైల్ కాదు, లేయర్లు కాదు, కొసల దగ్గర అడ్డంగా ఒక్క గీత. దానికి పెద్ద సెలూన్ అవసరం లేదు, పెద్ద బిల్లు అసలే అవసరం లేదు. మీ పట్టుదలంతా ఎన్ని అంగుళాలు పోతున్నాయి అన్నదాని మీద పెట్టండి.

ముందు లెక్క చూసుకోండి

తల వెంట్రుక నెలకి సుమారు అరంగుళం పెరుగుతుంది, అంటే ఒక సెంటీమీటరు నుంచి సెంటీమీటరుంపావు వరకు. ఏడాదికి అటూ ఇటూగా ఆరంగుళాలు. కొందరికి కాస్త ఎక్కువ, కొందరికి తక్కువ. పెరిగేది కుదురు దగ్గర మాత్రమే. బయట కనిపించే వెంట్రుకంతా జీవం లేని కెరటిన్, కొస కత్తిరించిన సంగతి కుదురుకి తెలిసే దారే లేదు. కాబట్టి "నెలనెలా కొసలు తీస్తే త్వరగా పెరుగుతుంది" అన్నది నిజం కాదు. సింహాచలంలో మొక్కు తీర్చుకుని గుండు చేయిస్తే తర్వాత ఒత్తుగా వస్తుందనే మాట కూడా అంతే, కత్తి పడిన చోట వెంట్రుక మొన మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి ఒత్తుగా తగులుతుంది, కుదుళ్ళ సంఖ్య మారదు.

మరి ట్రిమ్ ఎందుకు అంటే, చిట్లిన కొస అక్కడే ఆగదు కాబట్టి. చీలిక పైకి పాకుతూ పోతుంది, పక్క వెంట్రుకలతో చిక్కుపడుతుంది, దువ్వెన లాగినప్పుడల్లా మధ్యలో తెగుతుంది. పైన పెరిగినంత కింద తెగిపోతుంటే మీరు రెండేళ్ళు ఆగినా జడ అక్కడే ఉన్నట్టు కనిపిస్తుంది. చిట్లినదాన్ని అతికించే నూనె గానీ సీరమ్ గానీ లేదు. కాసేపు అంటుకున్నట్టు కనిపిస్తుంది, తలస్నానం చేస్తే మళ్ళీ విడిపోతుంది.

ఇప్పుడు అసలు లెక్క. రెండు నెలలకోసారి అంగుళం తీయిస్తే, పెరిగింది అంగుళం, పోయింది అంగుళం, ఏడాది తిరిగినా మీ జుట్టు ఉన్నచోటే ఉంటుంది. పార్లర్లలో "రెండు నెలలకోసారి రండి" అంటారు, పొట్టి కటింగ్ నిలబెట్టుకునేవాళ్ళకి అది సరైన సలహానే, మీకు కాదు. నాలుగు నెలలకోసారి అరంగుళం తీయిస్తే ఏడాదిలో పోయేది ఒకటిన్నర అంగుళం, మిగిలేది నాలుగున్నర. ఖర్చు కూడా ఆరుసార్లకి బదులు మూడుసార్లే. జుట్టు ఆరోగ్యంగా ఉండి, రంగులు, స్ట్రెయిటెనింగ్ లాంటివి లేకపోతే ఆరు నెలలకోసారి కూడా సరిపోతుంది.

ఇప్పుడే అవసరమా, ఇంకా ఆగొచ్చా

క్యాలెండర్ కంటే కొసలే సరిగ్గా చెప్తాయి. తలస్నానం చేసి పూర్తిగా ఆరాక, పగటి వెలుతురులో కిటికీ దగ్గర నిలబడి జడ చివరి భాగాన్ని ముదురు రంగు చున్నీ మీద పరిచి చూడండి. కొస రెండుగా చీలి ఉందా? కొసకి కాస్త పైన చిన్న తెల్ల చుక్కలు ఉన్నాయా? ఆ చుక్క దగ్గర వెంట్రుక లోపల పీచులా విడిపోయిందన్నమాట, త్వరలో అక్కడే తెగుతుంది. దువ్వెన కిందికి జారి చివరి రెండు అంగుళాల్లోనే ప్రతిసారీ ఆగిపోతోందా? ఇవి అక్కడక్కడా ఉంటే ఇంట్లో చేసుకునే చిన్న పని చాలు, అది కింద చెప్తాను. పాయ పాయకీ కనిపిస్తే పార్లర్‌కి వెళ్ళాల్సిందే.

జడ చివర పలచగా ఉండటం ఒక్కటే చూసి కంగారు పడకండి. వెంట్రుకలన్నీ ఒకే రోజు పుట్టినవి కావు, ఒక్కోటి రెండేళ్ళ నుంచి ఆరేడేళ్ళు పెరిగి రాలిపోతుంది, అందుకే పొడవు పెరిగేకొద్దీ చివర కొంత సన్నబడటం సహజం. పాత స్టెప్ కట్ నుంచి పెంచుతున్నవాళ్ళకి ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. దాన్ని ఒకేసారి సమం చేయించాలంటే అరడజను అంగుళాలు పోవచ్చు. ప్రతి ట్రిమ్‌లో అరంగుళం చొప్పున తీస్తూ పోతే, పైన ఉన్న పొట్టి పాయలు పెరుగుతూ వచ్చి వాటంతటవే కలుస్తాయి. ఓపిక ఉన్నవాళ్ళకి ఇదే దారి.

విశాఖలో ఎక్కడికి వెళ్ళాలి

సిరిపురం, ద్వారకానగర్, వీఐపీ రోడ్డు వైపు అద్దాల ఏసీ సెలూన్లు ఉన్నాయి. అక్కడ కటింగ్ రేటు స్టైలిస్ట్ అనుభవాన్ని బట్టి, జుట్టు పొడవుని బట్టి మారుతుంది, వాష్ కలిపే ఉంటుంది చాలాచోట్ల. కొత్త స్టైల్ కావాలంటే అక్కడికి వెళ్ళడంలో అర్థం ఉంది. అడ్డంగా అరంగుళం తీయించుకోవడానికి ఆ డబ్బు పెట్టక్కర్లేదన్నది నా అభిప్రాయం.

మీకు సరిపోయేవి కాలనీ పార్లర్లు. అక్కయ్యపాలెం, కంచరపాలెం, మద్దిలపాలెం, గోపాలపట్నం, గాజువాక, మధురవాడ, ఎటు వెళ్ళినా సందుల్లో ఇంటి ముందు గదిలోనో అపార్ట్‌మెంట్ కింద చిన్న షట్టర్‌లోనో ఒక్క బ్యూటీషియనే నడిపే లేడీస్ పార్లర్లు కనిపిస్తాయి. వీళ్ళలో చాలామంది రోజూ చేసేది ఐబ్రోస్, స్ట్రెయిట్ కట్, యూ కట్. చేయి తిరిగి ఉంటుంది. అద్దె తక్కువ, ఏసీ లేదు, రేటూ తక్కువే. పైగా ఎప్పుడూ ఒకరే కత్తిరిస్తారు కాబట్టి రెండోసారి వెళ్ళేసరికి "మీరు పెంచుతున్నారు కదా, అరంగుళమేగా" అని వాళ్ళే గుర్తుపెట్టుకుంటారు, ఆ గుర్తింపు విలువ తక్కువేం కాదు.

మంచి పార్లర్‌ని పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. మీ వీధిలోనో ఆఫీసులోనో నడుము దాకా జుట్టు ఉండి, చివర చక్కగా ఉన్నవాళ్ళని అడగండి. హాస్టల్లో ఉండే అమ్మాయిలైతే సీనియర్లని అడగడం ఇంకా తేలిక. ఆన్‌లైన్ రేటింగులు పెళ్ళి మేకప్‌కీ, ఫేషియల్‌కీ ఇచ్చినవే ఎక్కువ, ట్రిమ్ గురించి వాటిలో ఏమీ తెలియదు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఐబ్రోస్ చేయించుకుంటూ పక్క కుర్చీలో కటింగ్ ఎలా చేస్తున్నారో గమనించినా చాలు. కస్టమర్ చెప్పేది విన్నాక కత్తెర పట్టారా, పట్టుకునే విన్నారా, అది చూడండి.

బ్యూటీషియన్ కోర్సు నేర్పే చోట్ల శిక్షణలో ఉన్నవాళ్ళు టీచర్ దగ్గరుండగా తక్కువ డబ్బుకో ఉచితంగానో కత్తిరిస్తారు. వెళ్ళొచ్చు, కానీ రెండు షరతులు పెట్టుకోండి: స్ట్రెయిట్ ట్రిమ్ తప్ప ఇంకేదీ ఒప్పుకోవద్దు, గీత మొదలుపెట్టే ముందు ఎంత తీయాలో టీచర్‌కి చూపించండి.

ఏ రోజు వెళ్ళాలన్నదీ ముఖ్యమే. మంగళ, శుక్రవారాలు మన ఇళ్ళలో జుట్టు కత్తిరించుకోరు, మగవాళ్ళ సెలూన్లు చాలావరకు మంగళవారం మూసేస్తారు కూడా. శని, ఆదివారాలు రద్దీ. మిగిలిన రోజుల్లో, ముఖ్యంగా బుధ, గురువారాల్లో, పదకొండు నుంచి నాలుగు లోపు వెళ్తే తొందర లేకుండా చేస్తారు. పెళ్ళి ముహూర్తాల రోజులు, వరలక్ష్మీ వ్రతం ముందు రోజులు, సంక్రాంతి వారం వదిలేయండి, ఆ రోజుల్లో బ్యూటీషియన్ మనసు పెళ్ళికూతురి మేకప్ మీద, బయట కూర్చున్న నలుగురి మీద ఉంటుంది. పెళ్ళిళ్ళు లేని ఆషాఢంలో వెళ్తే పార్లర్ ఖాళీ, రేటు అడిగి తగ్గించుకోవడానికీ వీలుంటుంది.

వెళ్ళే ముందు ఫోన్‌లో అడగాల్సినవి

"స్ట్రెయిట్ ట్రిమ్‌కి ఎంతండీ? పొడవాటి జుట్టుకి వేరే రేటా? తలస్నానం చేసే వస్తాను, వాష్ లేకుండా చేస్తారా? మీరు చెప్పింది టాక్స్ కలిపిన రేటేనా?" ఈ నాలుగు ప్రశ్నలు చాలు. వాష్, బ్లో డ్రై తీసేస్తే బిల్లు గణనీయంగా తగ్గుతుంది.

జీఎస్టీ గురించి ఒక మాట. సెలూన్, పార్లర్ సేవల మీద 18 శాతం ఉన్న జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గించారు. బిల్లులో ఇంకా 18 శాతం అని కనిపిస్తే అడగండి. ఏడాదికి 20 లక్షల లోపు టర్నోవర్ ఉన్న చిన్న పార్లర్‌కి మామూలుగా రిజిస్ట్రేషన్ అవసరమే లేదు, రిజిస్ట్రేషన్ లేనివాళ్ళు జీఎస్టీ పేరుతో వసూలు చేయకూడదు. బిల్లు మీద జీఎస్టీ నంబర్ ఉందో లేదో చూస్తే తెలిసిపోతుంది.

ఇంటి దగ్గర సిద్ధం కావడం

ముందు రోజు తలస్నానం చేసి పూర్తిగా ఆరబెట్టుకోండి. నూనె పెట్టొద్దు, నూనె జుట్టుని కత్తిరించడానికి ఎవరూ ఇష్టపడరు, వాష్ చేయాల్సిందే అంటారు. చిక్కు తీసి వదులుగా జడ వేసుకుని వెళ్ళండి, గట్టి ముడి వేసుకుంటే మెలికలు పడి పొడవు తేడాగా కనిపిస్తుంది. వెళ్ళే ముందు టేపుతో ఒక కొలత తీసుకోండి: నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట నుంచి తల మీదుగా వెనక్కి, వీపు మీద కొస దాకా. అంకె ఫోన్‌లో రాసుకోండి. వెనక నుంచి ఒక ఫోటో కూడా తీయించుకోండి. మీ సొంత దువ్వెన తీసుకెళ్తే శుభ్రత గురించి ఆలోచించే పనీ ఉండదు.

కుర్చీలో కూర్చున్నాక

ఇదే అసలు ఘట్టం, ఇక్కడ మొహమాటం వద్దు.

"కొంచెం" అనే మాట వాడకండి. ఎవరి కొంచెం వాళ్ళది. "ట్రిమ్" అన్నా చాలదు, కొందరికి ట్రిమ్ అంటే రెండు అంగుళాలు. కొసలు మీ చేత్తో ముందుకు తెచ్చుకుని, చూపుడు వేలు చివరి కణుపులో సగం చూపించి ఇలా చెప్పండి: "అక్కా, నేను జుట్టు పెంచుతున్నాను. అరంగుళం మాత్రమే, ఇదిగో ఇక్కడి దాకా. స్ట్రెయిట్‌గా చాలు, లేయర్స్ వద్దు. ముందు ఒక పాయ తీసి నాకు చూపించి తర్వాత మిగతాది చేయండి." ఆ చివరి వాక్యం చాలా పనిచేస్తుంది. మొదటి పాయ చూశాక ఎక్కువైందనిపిస్తే అక్కడే ఆపొచ్చు.

పొడిగా ఉన్నప్పుడే కత్తిరించమని అడగండి. తడిసిన వెంట్రుక సాగుతుంది, ఆరాక వెనక్కి ముడుచుకుంటుంది. తడిలో కొస ఇక్కడి దాకా ఉండాలని చూసి కోస్తే, అలలుగా ఉన్న జుట్టయితే ఆరాక అంతకంటే పొట్టిగా కనిపిస్తుంది, రింగులైతే ఇంకా ఎక్కువ. తడి లేకపోతే గీత సరిగా రాదు అంటే, స్ప్రేతో కొసలు మాత్రమే తేమ చేసి, అరంగుళానికి బదులు పావంగుళం చెప్పండి.

తల నిటారుగా ఉంచండి. గడ్డం కిందికి వంచితే వెనక జుట్టు పైకి లాగబడి, తల ఎత్తాక గీత మారిపోతుంది. కాళ్ళు ఒకదాని మీద ఒకటి వేసుకుంటే నడుము ఒరిగి గీత కూడా ఒరుగుతుంది. జుట్టు నడుము దాటితే కుర్చీలో కాదు, లేచి నిలబడి కత్తిరించమనండి, చాలామంది బ్యూటీషియన్లకి అలా చేయడమే తేలిక.

ఏ ఆకారం? స్ట్రెయిట్ కట్‌లో చివర ఒత్తుగా కనిపిస్తుంది, తర్వాతి ట్రిమ్‌లో ఎంత పోయిందో కొలవడం సులువు. యూ కట్ కూడా ఫర్వాలేదు, జడ వేస్తే చివర అందంగా ఉంటుంది, పైగా పక్కల కాస్త పోయినా మధ్య పొడవు నిలుస్తుంది. వీ కట్‌లో పక్కల నుంచి చాలా పోతుంది. లేయర్లు, ఫెదర్, స్టెప్ అన్నవి పెంచే కాలంలో వద్దే వద్దు. పళ్ళున్న థిన్నింగ్ కత్తెర తీస్తే వెంటనే ఆపండి, అది లోపల లోపల పొట్టి వెంట్రుకలు చేసి వదులుతుంది, విశాఖ తేమ గాలికి అవన్నీ లేచి నిలబడతాయి. రేజర్‌తో కొసలు గీకడం కూడా వద్దు, మొన ఏటవాలుగా తెగి త్వరగా చిట్లుతుంది.

"జుట్టు చాలా డ్యామేజ్ అయింది, స్పా చేయించుకోండి, కెరటిన్ పెడతాం" అంటారు. వాళ్ళ బతుకుతెరువు అది, కోపం అక్కర్లేదు. "ఈసారికి ట్రిమ్ ఒక్కటేనండీ" అని నవ్వుతూ చెప్తే సరి.

లేచే ముందు వెనక రెండో అద్దం పట్టమని చెప్పి చూడండి. రెండు పక్కల నుంచి ఒక్కో పాయ ముందుకు తెచ్చి గడ్డం కింద పక్కపక్కన పెడితే సమంగా ఉన్నాయో లేదో తెలుస్తుంది. పొడవుగా ఉన్న పక్కనే సరిచేయమనండి, అటూ ఇటూ మార్చి మార్చి సరిచేస్తూ పోతే అరంగుళం కాస్తా రెండంగుళాలవుతుంది. ఇంటికొచ్చి మళ్ళీ టేపు పెట్టండి. తేడా అరంగుళం దగ్గర ఉంటే ఆ పార్లర్ మీది.

అబ్బాయిలకి

మగవాళ్ళు పెంచేటప్పుడు మెడ వెనక జుట్టు ముందు కిందికి దిగిపోతుంది, పైన ఉన్నది ఇంకా చెవుల దాకా కూడా రాదు. ఈ మధ్య దశలోనే చాలామంది విసుగొచ్చి మొత్తం కొట్టించేస్తారు. మీ మామూలు సెలూన్‌కే వెళ్ళి "అన్నా, పైన ముట్టుకోవద్దు, మెడ వెనక, చెవుల పక్కన మాత్రం సాఫు చెయ్యి, పైన మెషిన్ వద్దు" అని చెప్పండి. ఫుల్ కటింగ్ కాదు కాబట్టి తక్కువకే ఒప్పుకుంటారు. రెండు నెలలకోసారి ఇలా చేస్తూ పైజుట్టు గడ్డం దాకా వచ్చాక మెడ దగ్గర కూడా వదిలేయండి. భుజాలు దాటాక అడ్డ గీత కావాలి, అది యూనిసెక్స్ పార్లర్లో అడగడం మేలు, లేడీస్ పార్లర్లలో చాలావాటిలో మగవాళ్ళని రానివ్వరు.

మధ్యలో ఇంట్లో చేసుకునే పని

ఇది నేర్చుకుంటే పార్లర్ ఖర్చు ఇంకా తగ్గుతుంది. కావాల్సింది జుట్టు కత్తిరించే సన్నని కత్తెర, పార్లర్ సామాన్లు అమ్మే షాపులో దొరుకుతుంది. కాగితాలు, పాల ప్యాకెట్లు కోసే కత్తెర మొద్దుబారి ఉంటుంది, వెంట్రుకని నలిపి కొత్తగా చిట్లేలా చేస్తుంది.

పొడి జుట్టులో వేలి మందం పాయ తీసుకుని మెలిపెట్టండి. మెలికలోంచి చిన్న చిన్న కొసలు బయటికి పొడుచుకొస్తాయి. వాటిలో చిట్లినవి మాత్రం, చీలికకి పావంగుళం పైన కత్తిరించండి. చీలిక మీదే కోస్తే అది మిగిలిపోతుంది. బాల్కనీలో మధ్యాహ్నం వెలుతురులో కూర్చుని ఒక్కో రోజు తలలో ఒక్కో భాగం చేసుకోవచ్చు. దీనివల్ల పొడవు అసలు పోదు.

పూర్తి గీత కూడా ఇంట్లోనే వేసుకోవాలనుకుంటే, నుదుటి నుంచి మెడ దాకా నడిమి పాపిడి తీసి, జుట్టుని రెండు భుజాల మీదుగా ముందుకు తెచ్చుకోండి. ఒక్కో పక్క మెడ దగ్గర ఒక రబ్బరు బ్యాండు, మధ్యలో ఒకటి, కొసకి కాస్త పైన ఒకటి వేసి, చివరి బ్యాండుని రెండు పక్కలా ఒకే ఎత్తులోకి జరిపి, దాని కింద కోరినంత కోయండి. వెనక జుట్టు ముందుకు రావడానికి ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది కాబట్టి, వెనక్కి వేసుకున్నాక మెత్తని యూ ఆకారం వస్తుంది. మొత్తం జుట్టుని ఒకే పక్కకి తెచ్చి కోయకండి, ఆ పక్క పొట్టిగా, అవతలి పక్క పొడవుగా తయారవుతుంది.

తర్వాతి ట్రిమ్ వెనక్కి జరగాలంటే

సముద్రం పక్కన ఉండేవాళ్ళకి గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది, జుట్టు ఉబ్బి చిక్కుపడుతుంది. బీచ్ రోడ్డులో బండి మీద జుట్టు వదిలేసి వెళ్తే ఒక్క సాయంత్రానికే కొసలు ముడిపడతాయి, జడ వేసి చున్నీ లోపలో జాకెట్ లోపలో పెట్టుకోండి. హెల్మెట్ కింద పల్చటి నూలు గుడ్డ కట్టుకుంటే రాపిడి తగ్గుతుంది. తలస్నానానికి ముందు కొసలకి కొబ్బరినూనె రాయండి, అది వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు ప్రోటీన్ పోకుండా కొంత కాపాడుతుంది. షాంపూ గానీ కుంకుడు రసం గానీ కుదుళ్ళకి, కండిషనర్ కొసలకి. తడి జుట్టుని దువ్వాల్సి వస్తే వెడల్పు పళ్ళ దువ్వెనతో కింద నుంచి పైకి రండి. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువగా ఉండే ఇళ్ళలో ఉంటే చివరి చెంబు మంచినీళ్ళు పోసుకోండి.

ట్రిమ్ వల్ల జుట్టు రాలడం మాత్రం ఆగదు. రోజుకి యాభై నుంచి వంద వెంట్రుకలు పోవడం మామూలే. జ్వరం, కాన్పు, ఆపరేషన్ తర్వాత రెండు మూడు నెలలకి ఒక్కసారిగా కుచ్చులు కుచ్చులుగా రాలొచ్చు, చాలామందికి కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. అలా కాకుండా పాపిడి వెడల్పవుతున్నా, గుండ్రంగా ఖాళీలు కనిపిస్తున్నా, ఆరు నెలలు దాటినా తగ్గకపోయినా పార్లర్లో స్పాకి పెట్టే డబ్బు ఆపి చర్మవ్యాధుల డాక్టర్‌కి చూపించండి. ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో ఆ విభాగం ఓపీ ఉంది, ఉదయమే వెళ్తే మంచిది. రక్తం తక్కువ, థైరాయిడ్ లాంటి కారణాలుంటే పరీక్షలో తెలుస్తుంది, మందు అక్కడ మొదలుపెట్టాలి.